తాళ్లరేవు బద్ద

అమ్మలూ,

ఇంజినీరింగ్ పిల్లలకీ, డిజైన్ పిల్లలకీ లెక్కల పాఠాలు కొత్తగా రాసే పని నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొద్దున్నే టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మొదటి వారం చిన్న పరీక్ష పెట్టు, మార్కులు వెయ్యకు. ఏ లెక్క ఏ సెమిస్టర్లో అవసరమో వాళ్ల మిగతా సార్లని అడుగు. ఇవి నీకు తెలియనివి కావులే.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. 1994లో క్లాసులో క్యూబిక్ స్ప్లైన్ చెప్తున్నాను, అంటే ఇచ్చిన బిందువులన్నిటి గుండా నున్నటి గీత గీసే లెక్క. ఐదు బిందువులు, మధ్యలో నాలుగు క్యూబిక్‌లు (x ఘనం దాకా వెళ్లే సమీకరణాలు), తేల్చాల్సిన గుణకాలు పదహారు, వాటికి షరతులూ పదహారు. బోర్డు నిండిపోయింది. వెనక బెంచీలోంచి తాళ్లరేవు కుర్రాడు లేచాడు. వాళ్లింట్లో పడవలు కడతారు. "మా నాన్నగారు మేకులు కొట్టి బద్ద వంచుతారండి, ఇదే గీత వస్తుందండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "ఇది వడ్రంగం కాదు, కూర్చో" అన్నాను. మళ్లీ ఏడాదంతా నోరు విప్పలేదు.

పదేళ్లకి ఆ ఊరు ఓ పెళ్లికి వెళ్తే, గట్టు మీద పడవ కడుతున్నారు. మేకుల మధ్య సన్నటి బద్ద పెట్టారు, అది దానంతటదే ఒంపు తిరిగింది. ఓ ముసలాయన ఒక కన్ను మూసి దాని పొడవునా చూసి, ఒక మేకు పీకి బెత్తెడు ఇవతల కొట్టాడు. గీతంతా సర్దుకుంది. నాకు భోజనం సహించలేదు.

స్ప్లైన్ అంటేనే ఓడలు గీసేవాళ్ల బద్ద. 1946లో షోన్‌బర్గ్ అనే గణితజ్ఞుడు ఆ పేరు గణితంలోకి తెచ్చాడు. మేకుకీ మేకుకీ మధ్య బద్ద మీద బరువు లేదు, కాబట్టి కొద్దిపాటి ఒంపుకి నాలుగో డెరివేటివ్ (నాలుగుసార్లు వరసగా తీసిన మార్పు రేటు) సున్నా, అంటే క్యూబిక్. మేకు దగ్గర బద్ద విరగదు, కాబట్టి అటూ ఇటూ వాలూ, వంపూ కలుస్తాయి. కొసలు వదిలేస్తారు, అక్కడ వంపు ఉండదు, అంటే రెండో డెరివేటివ్ సున్నా. నా పదహారు షరతులూ ఆ కుర్రాడి ఇంట్లోనే ఉన్నాయి. నేను వాణ్ణి కూర్చోబెట్టాను.

అందుకని డిజైన్ పిల్లలకి ముందు బద్ద, మేకులు ఇవ్వు. కంప్యూటర్లో వాళ్లు లాగే బెజియే గీతలు కూడా రెనో, సిట్రోయెన్ కార్ల బాడీలు గీయడానికి పుట్టినవేనని చెప్పు. కానీ బద్ద వంచి ఊరుకున్నావంటే నా దగ్గర చీవాట్లే! సమీకరణాలు ఒక్కసారైనా చేత్తో రాయించు. సాఫ్ట్‌వేర్ గీసిందిగా అనుకునేవాడు నాకంటే పెద్ద మూర్ఖుడు.

పాస్ పర్సెంటేజీ అంటూ పైవాళ్లు అడుగుతారు. టెన్షన్ పడి తిండి మానకు. పదో తరగతిలో త్రికోణమితి రాక కొబ్బరిచెట్టు నీడ కొలుస్తూ ఏడ్చావు, గుర్తుందా? ఆ రోజు నేను నవ్వలేదు.

సంక్రాంతికి ఆ కాగితాలు పట్టుకురా. ఇద్దరం తాళ్లరేవు వెళ్దాం. ఆ కుర్రాడి ఆచూకీ కనుక్కుంటున్నాను.

మీ మామయ్య