గడియ మూడుసార్లు చూడమంటున్న మనవరాలు

ప్రశ్న: నాకు డెబ్బై ఏళ్లు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలతో ఉంటున్నాను. మా ఆవిడ పోయినప్పటి నుంచి చీకటి పడితే టీవీయే నా కాలక్షేపం. నేర కథల సీరియళ్లు, వార్తలు చూస్తాను. ఏడేళ్ల మనవడు నా పక్కనే కూర్చుంటాడు. ఈమధ్య బళ్లో ఒక పిల్లాణ్ణి గోడకేసి నెట్టి ‘లేస్తే చంపేస్తా’ అన్నాడట. టీచరు కబురు పెట్టారు. ఆ రోజు నుంచి కోడలు నాతో ముభావంగా ఉంటోంది. మొన్న టీవీ వైరు పీకి బీరువాలో పెట్టేసింది. కొట్లాటల సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ణే నేను, ఎవరిమీదా చెయ్యెత్తలేదు. నిజంగా అంత ప్రమాదమైతే ప్రభుత్వమే ఆపించేది కదా? తప్పంతా నాదేనా? మనవరాలికి ఐదేళ్లు, దాంతో ఏ గొడవా లేదు. రాత్రి నా పక్కలో పడుకుని తలుపు గడియ మూడుసార్లు చూసి రమ్మంటుంది, అంతే.

జవాబు: తప్పంతా మీది కాదండీ. టీవీ ఒక్కటే ఏ పిల్లాణ్ణీ దుడుకువాణ్ణి చెయ్యదు. పుట్టుకతో వచ్చిన తీరు, ఇంట్లో పెద్దల కోపతాపాలు, బళ్లో తోటిపిల్లలతో నడిచే వ్యవహారం, అన్నీ కలుస్తాయి. అసలు ఆ గోడ దగ్గర ముందు ఏం జరిగిందో మీవాణ్ణి ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? అడగకపోతే ఆ పని ముందు చెయ్యండి.

అలాగని ‘నేను చూశాను, నాకేం కాలేదు’ అన్న మాటా నిలవదు. హెల్మెట్ లేకుండా బండి నడిపి క్షేమంగా ఇల్లు చేరినవాళ్లు కొల్లలు. పైగా మీ రోజుల్లో ఆ కొట్లాట చూడాలంటే హాలు దాకా వెళ్లాలి, మూడు గంటలయ్యాక తెర దించేసేవారు. ఇప్పుడది రోజూ రాత్రి వాడి మోచేతి పక్కనే ఉంది.

1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లల ఎదుట ఒక పెద్ద మనిషి చేత గాలి ఊదిన బొమ్మను సుత్తితో కొట్టించాడు. అది చూసిన పిల్లలు, చూడని పిల్లలకంటే ఎక్కువగా, అదే తీరున, అవే మాటలంటూ బొమ్మను బాదారు. తర్వాత దాన్నే సినిమాగా తీసి చూపించినా అంతే. బొమ్మను కొట్టడం వేరు, మనిషిని కొట్టడం వేరు అని విమర్శ వచ్చింది, న్యాయమే. నాకు గుర్తుండిపోయింది మాత్రం బందూరాదే 1965 నాటి మరో ప్రయోగం. కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు వాణ్ణి తక్కువగా అనుకరించారు. కానీ ‘చూసింది చేసి చూపిస్తే బహుమతి’ అనగానే వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది, సమయం కోసం లోపల దాచుకున్నారంతే.

బొమ్మల సంగతి పక్కన పెడదాం. 1970ల చివర్లో ఆరు నుంచి పదేళ్ల వయసున్న అమెరికా పిల్లల్ని, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలిసింది మనస్తత్వవేత్త రోవెల్ హ్యూస్‌మన్ బృందం. 2003లో ఫలితాలు ప్రకటించారు. చిన్నప్పుడు తెరమీద హింస ఎక్కువగా చూసినవాళ్లలో పెద్దయ్యాక దుడుకుతనం కొంత ఎక్కువగా కనబడింది, ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ. ‘కొంత’ అన్న మాట మింగేసి భయపెట్టేవాళ్లను నేను మెచ్చను. అయితే ఆ ‘కొంత’ ఎవరి మీద ఎక్కువగా పనిచేసిందంటే, కొట్టే పాత్రలో తనను చూసుకున్నవాళ్ల మీద, తెరమీదిదంతా నిజంగా జరిగేదే అనుకున్నవాళ్ల మీద. మీవాడు బళ్లో అన్న ఆ మాట ఏ సీరియల్లో ఎవరిదో, బహుశా మీకే తెలిసుంటుంది.

‘మా సీరియల్లో దొంగ చివరికి పట్టుబడతాడు కదా’ అంటారేమో. నిజమే, మీకు గుర్తుంటుంది. ఏడేళ్లవాడికి సోమవారం దెబ్బకూ శుక్రవారం సంకెళ్లకూ లంకె కుదరదు. అమెరికా టీవీ కార్యక్రమాలను 1994-95లో పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనంలో, హింస ఉన్న దృశ్యాల్లో 73 శాతం చోట్ల కొట్టినవాడికి అక్కడికక్కడ శిక్ష లేదు. దెబ్బ తిన్నవాడి బతుకు ఆ తర్వాత ఏమైందో చూపించినవి, హింస ఉన్న కార్యక్రమాల్లో 16 శాతమే. తెరమీద మనిషి పడిపోతాడు, కెమెరా పడినవాణ్ణి వదిలేసి నిలబడ్డవాడితో వెళ్లిపోతుంది. పిల్లాడూ వాడితోనే వెళ్తాడు.

ఇక మీరు ‘అంతే’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన విషయానికి వస్తాను. ఇంటిల్లిపాదీ నెట్టినవాడి చుట్టూ తిరుగుతున్నారు. నాకైతే గడియ చూడమంటున్న పాప గురించే ఎక్కువ బెంగ. జార్జ్ గెర్బ్‌నర్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి చెప్పింది ఇదే: టీవీ ఎక్కువగా చూసేవాళ్లకు లోకం ఉన్నదానికంటే క్రూరంగా తోస్తుంది, బయటివాళ్లంతా హాని చేసేవాళ్లే అనిపిస్తుంది. ఆ పాప ఎదురుగా కూర్చుని చూడకపోవచ్చు, పక్క గదిలో పడుకుని వింటూ ఉండొచ్చు. తెర చూస్తే కనీసం మనుషులు కనిపిస్తారు. వినబడేది అరుపూ, ఆ సంగీతమూ అయితే, మిగతాది తనే ఊహించుకుంటుంది. భయపడే పిల్ల ఎవరినీ నెట్టదు, టీచరు కబురూ రాదు, అందుకే ఎవరి కంటా పడదు.

ఆ వయసు పిల్లకు ‘అది ఉత్తిదేనమ్మా, నటన’ అని చెప్పి లాభం లేదు. పిల్లల భయాల మీద పనిచేసిన జోఆన్ క్యాంటర్ తేల్చిందేమిటంటే, ఏడెనిమిదేళ్ల లోపు వాళ్లను మాటలకంటే పక్కన ఒక మనిషి, చేతిలో ఇష్టమైన వస్తువు ఎక్కువగా ఊరడిస్తాయి. మీరు పక్కన పడుకోబెట్టుకుంటున్నారు చూశారా, అది మందే. దానికి ముందు గంటసేపు మోగేదే సమస్య.

ప్రభుత్వం సంగతి. చూస్తూ ఊరుకోలేదండీ. 1972లోనే అమెరికా సర్జన్ జనరల్, అంటే ఆ దేశ ప్రజారోగ్య ప్రధానాధికారి, పేరిట దీనిమీద నివేదిక వచ్చింది. 1996 చట్టంతో పదమూడు అంగుళాలూ ఆపైన తెర ఉన్న కొత్త టీవీల్లో వీ-చిప్ పెట్టమన్నారు, వయసు గుర్తును బట్టి కార్యక్రమం అడ్డుకునే ఏర్పాటు. 2000 నాటికి అమలైంది. ఇళ్లలో వాడినవాళ్లు మాత్రం కొద్దిమందే. బ్రిటన్‌లో పిల్లలకు తగనివి రాత్రి తొమ్మిది దాటాకే వెయ్యాలి. మన కేబుల్ టీవీ నిబంధనలు 1994 నుంచే, పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వాళ్లకు తగనివి ప్రసారం చెయ్యొద్దంటున్నాయి.

మరి పూర్తిగా ఎందుకు ఆపరంటే, హింస అంటే ఏమిటో గీత గీయడం కష్టం. పురాణంలో యుద్ధమూ హింసే, వార్తల్లో యుద్ధమూ హింసే. రెంటినీ నరికేసే అధికారం సర్కారు చేతికిస్తే అది పిల్లల దగ్గర ఆగదు. అది నాకూ ఇష్టం లేదు. కానీ ఒకటి గమనించండి. అమెరికాలో ఆ వయసు గుర్తులు వార్తలకు వర్తించవు. మీ సాయంత్రాల్లో సగం వార్తలే కదా, ఒకే దాడి దృశ్యాన్ని ఎర్ర గుండ్రం చుట్టి పదేపదే తిప్పేవి. చానెల్ హద్దు మీరిందనిపిస్తే ఫిర్యాదు రాయండి, తప్పకుండా రాయండి. దానికి సమాధానం వచ్చేలోగా మీ పాపకు ఎన్ని రాత్రులు గడవాలో కూడా లెక్కేసుకోండి.

వైరు బీరువాలో దాచడం మీకు అవమానంగా తోచిందని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. మీ కోడలు ముందుగా మీతో మాట్లాడి ఉండాల్సింది. ఇప్పుడు మీరే మాట కలపండి, పెద్దవారు గనక కాదు, పాప గడియ సంగతి మీకొక్కరికే తెలుసు గనక. ‘అమ్మా, పాప రాత్రిళ్లు భయపడుతోంది, నేను గమనించలేదు’ అని మొదలుపెట్టి చూడండి. టీవీ మీకు వద్దనను. ఇల్లు నిశ్శబ్దమైతే భరించలేనితనం ఎలా ఉంటుందో వినని వారం ఉండదు నాకు. పిల్లలు నిద్రపోయాక, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మీ ఇష్టం వచ్చింది చూసుకోండి.

మనవణ్ణి పక్కన్నుంచి తోలెయ్యకండి. వాడి వయసుకు తగింది ఏదైనా ఇద్దరూ చూస్తుండగా ఎవరైనా దెబ్బ తింటే, ‘పాపం, వాడికి ఇప్పుడెలా ఉంటుందిరా?’ అని ఒక్క ముక్క అడగండి. పాఠం చెప్పకండి. దెబ్బ తిన్నవాడి వైపు నుంచి ఆలోచించమని ముందుగా చెప్పి కార్టూన్ చూపిస్తే, మగపిల్లల్లో దాని దుష్ప్రభావం తగ్గిందని 2000లో వచ్చిన ఒక ప్రయోగం ఉంది.

పాప విషయంలో, ఈ రాత్రి మీరు లేచి వెళ్లకుండా, చేయి పట్టుకుని తననే తలుపు దాకా తీసుకెళ్లండి. గడియ తనచేతే వేయించండి. అందకపోతే ఎత్తుకోండి. రెండు వారాలయ్యాక ఇంకా ఎన్నిసార్లు అడుగుతోందో నాకు రాయండి. మూడు అలాగే ఉన్నా, నాలుగైనా, పిల్లల డాక్టరుకు చూపించాల్సిన సమయం వచ్చినట్టే.