పాఠకుల ప్రశ్నలు: ఫోనులో మన మందిరం కనిపిస్తున్నదా?

ప్రశ్న: మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఒక పాత తెలుగు క్రైస్తవ సంఘం. ఆరాధనకు వచ్చేవారు ఏటేటా తగ్గుతున్నారు. ఫేస్‌బుక్ ప్రకటనలకు పదివేల రూపాయలు కేటాయించాలని యౌవనస్థులు పట్టుబడుతున్నారు. సువార్త సబ్బుబిళ్ళ కాదు, దానికి ప్రకటనలేమిటని సంఘ పెద్దలు అంటున్నారు. నేను ఎవరి మాట వినాలి?
– ఒక సంఘ కార్యదర్శి

జవాబు: ఆ పదివేలు ఖర్చుపెట్టకముందే చేయవలసిన పని ఒకటి ఉంది. మీ సంఘంతో సంబంధం లేనివారి ఫోను తీసుకొని, శ్రీకాకుళం నుంచి బదిలీ మీద నిన్ననే మీ ఊరు వచ్చిన ఉద్యోగి శనివారం రాత్రి వెతికినట్లు, ‘దగ్గరలో తెలుగు చర్చి’ అని వెతికి చూడండి. చాలా సంఘాల విషయంలో మ్యాపులోని గుర్తు పక్క వీధిలో ఉంటుంది, ఆరాధన వేళ ఉండదు, అక్కడున్న నంబరు ఎప్పుడో బదిలీ అయి వెళ్ళిపోయిన పాస్టరు అయ్యగారిది అయి ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చేవారికే దారి చూపలేని సంఘం, వెతకనివారిని డబ్బు పెట్టి పిలవడం నాకు సబబుగా తోచదు.

గూగుల్‌లో సంఘం వివరాలను నమోదు చేయడానికి పైసా ఖర్చు లేదు. మందిరం పేరును తెలుగు, ఒడియా, ఇంగ్లీషు లిపుల్లో ఇవ్వండి. ఏ ఆరాధన ఏ భాషలో, ఎన్ని గంటలకో రాయండి. వీధిలోంచి చూస్తే గేటు ఎలా కనబడుతుందో ఆ ఫొటో పెట్టండి. బలిపీఠం ఫొటో చూసి ఎవరూ దారి కనుక్కోలేరు. క్రిస్మస్‌కు, గుడ్ ఫ్రైడేకు వేళలు మారితే అక్కడ కూడా మార్చండి. ఖాతా మాత్రం సంఘం పేరు మీద తెరిచిన ఈమెయిలుతోనే ఉండాలి, తాళం ఇద్దరు ముగ్గురి చేతిలో ఉండాలి. ఒక అబ్బాయి సొంత ఫోనులో పెట్టిన పేజీ, అతడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిన మరునాటి నుంచి అనాథ అయిపోతుంది.

ఇక మన సరిహద్దు జిల్లాల అసలు చిక్కు భాషది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పటి నుంచి పర్లాకిమిడి తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఒడియా బడుల్లో చదువుతూ వచ్చారు. ఆ మధ్య గుణుపురంలో ఒక తెలుగింట కూర్చున్నప్పుడు, నాయనమ్మ అయ్యగారు పంపిన రెండు నిమిషాల ప్రార్థనను ఫోను చెవికి ఆనించుకొని, కళ్ళు మూసుకొని, మళ్ళీ మళ్ళీ వింటున్నది. పక్కనే ఉన్న మనవడికి అదే గ్రూపులో వచ్చిన తెలుగు పోస్టరు చూపించి చదవమంటే, తేదీలోని అంకెలు తప్ప ఒక్క అక్షరమూ గుర్తుపట్టలేకపోయాడు. ఇంట్లో మాత్రం అతడు చక్కటి తెలుగు మాట్లాడతాడు. మీ యౌవనస్థులు కష్టపడి తయారుచేసే రంగురంగుల తెలుగు పోస్టర్లు ఆ వయసువారికే అందడం లేదని దీని అర్థం. అందుకే పోస్టరు మీద తెలుగుకు సమంగా ఒడియాలోనూ రాయించండి, ముఖ్యమైన కబురును అయ్యగారి గొంతుతో పంపండి. మా అనుభవంలో ఈ ప్రాంతపు తెలుగువారికి అచ్చు కంటే గొంతే బాగా చేరుతుంది.

వాట్సాప్ గ్రూపు పెడితే అందులోని ప్రతివారి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. స్త్రీల సమాజంలోని అక్కచెల్లెళ్ళకు దీనివల్ల వచ్చే ఇబ్బంది మీకు చెప్పనక్కరలేదు. 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చిన వాట్సాప్ ఛానెళ్ళలో ఒక సభ్యుడి నంబరు మరొకరికి కనబడదు, కాబట్టి ప్రకటనలకు అది మేలు. ప్రార్థన అవసరతలను మాత్రం ఛానెలులో పెట్టకండి. అవి అయ్యగారికో, అమ్మగారికో నేరుగా చేరవలసినవి.

ఇవన్నీ కుదిరాక ఫేస్‌బుక్ ప్రకటన ఇవ్వదలిస్తే ఇవ్వండి, కాని పదివేలు అక్కరలేదు. క్రిస్మస్ కార్యక్రమానికి ముందు కొన్ని వందలతో మొదలుపెట్టి ఎందరు వచ్చారో చూసుకోండి. మతాన్ని బట్టి మనుషులను ఎంచుకొని ప్రకటన చూపే వీలును ఆ సంస్థ 2022 జనవరిలో తీసివేసింది, కాబట్టి మీరు ఎంచుకోగలిగేది ఊరు, వయసు, భాష వంటివే. మీ ఊరి చుట్టూ కొన్ని కిలోమీటర్లు గీస్తే సరిహద్దు అవతలి పాతపట్నం కూడా అందులోకి వస్తుంది. చుట్టరికాలు అటూ ఇటూ ఉన్న మీకు అది లాభమే.

ప్రశ్న: స్వస్థత సాక్ష్యాలు, బియ్యం పంపిణీ వీడియోలు పెడితే మా పేజీని చాలామంది చూస్తున్నారు. మిగతావి ఎవరూ చూడరు. కొనసాగించవచ్చునా?
– ఒక యౌవనస్థుల కూటమి నాయకుడు, రాయగడ

జవాబు: తమ్ముడూ, ఆపేయమని గట్టిగా చెబుతున్నాను. 1967 నాటి ఒడిశా మత స్వేచ్ఛ చట్టం బలవంతంతోనో, ప్రలోభంతోనో, మోసంతోనో మతం మార్చడాన్ని, అందుకు ప్రయత్నించడాన్ని కూడా నేరంగా చెబుతుంది. డబ్బుగానో, వస్తువుగానో, మరో మేలుగానో ఇవ్వజూపేదంతా అందులోని ప్రలోభం కిందికి వస్తుంది. దాని మూల సూత్రాన్ని సుప్రీంకోర్టు 1977లో సమర్థించింది. మీరు ప్రేమతోనే బియ్యం ఇచ్చి ఉంటారు, నాకు అనుమానం లేదు. కాని బియ్యం బస్తా, ‘ప్రభువు దగ్గరికి రండి’ అన్న పిలుపు ఒకే వీడియోలో ఉంటే మీ మనసులోని ప్రేమ ఆ వీడియోలో కనబడదు. చట్టాన్ని పక్కన పెట్టినా, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పినప్పుడు, బస్తా అందుకుంటూ తల దించుకున్న తల్లి ముఖాన్ని ఊరందరి ఫోన్లలో పెట్టే హక్కు మనకు ఎక్కడిది?

స్వస్థత సాక్ష్యాల సంగతి ఇంకా బరువైనది. క్షయకు ఆరు నెలల మందులు వాడుతున్న మనిషి, ప్రార్థనతో జబ్బు నయమైందని ఎవరో చెప్పిన వీడియో చూసి మూడో నెలలో మాత్రలు మానేస్తే, జబ్బు తిరగబడవచ్చు, మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు. సాక్ష్యాన్ని సంఘం మధ్యనే చెప్పించండి. అక్కడ అతడిని ఎరిగినవారు ఉంటారు, ‘మందులు మానకు నాయనా’ అనే పెద్దవారూ ఉంటారు. పిల్లల ముఖాలు కనబడే సండే స్కూల్ వీడియోలకు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

చూసేవారు తగ్గితే దిగులుపడకండి. పాటలు పెట్టండి. పర్లాకిమిడి గడ్డతో అనుబంధమున్న తెలుగు క్రైస్తవ కీర్తనల రచయిత పురుషోత్తమ చౌధరి గారు 1890లో కన్నుమూశారు. రచయిత మరణించిన 60 ఏళ్ళకు కాపీరైటు తీరిపోతుంది కాబట్టి ఆయన కీర్తనలను మీరు స్వేచ్ఛగా పాడి యూట్యూబులో పెట్టుకోవచ్చు. ఎవరో రికార్డు చేసి అమ్మిన సంగీతాన్ని మాత్రం వెనుక వేయకండి, యూట్యూబు దానిని పట్టుకుని మీ వీడియోను ఆపేయగలదు. మీ సంఘంలో ఆ రాగాలు ఎరిగిన పెద్దలుంటే, ఈ నెలలోనే వారిచేత పాడించి రికార్డు చేయండి.

ప్రశ్న: ఆరాధనను ఫోనులో లైవ్ పెట్టడం వల్ల జనం ఇంట్లోనే ఉండిపోతున్నారని మా పెద్దలు ఆపించారు. ఇది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళిన పిల్లలకు, మంచం దిగలేని ముసలివారికి ఆ లైవ్ తప్ప వేరే మందిరం లేదు. ఆపవద్దని పెద్దలను వేడుకోండి. ఫోనును చివరి బెంచీ దగ్గర నిలబెట్టకుండా, మైకు మిక్సరు నుంచి వైరు తెచ్చి కలిపితే వాక్యం స్పష్టంగా వినబడుతుంది. ఊళ్ళోనే ఉండి రానివారి ఇళ్ళకు, ఆ సాయంత్రం ఇద్దరు పెద్దలు నడిచి వెళ్ళాలి.