‘పూర్తయింది’ అని రాసే ముందు

చిట్టితల్లికి, అత్తమ్మ ఆశీస్సులు.

నిన్న పొద్దున మీ నాన్న ఫోను చేసి అరగంట మాట్లాడాడు. అందులో ఇరవై నిమిషాలు రాత్రిపూట క్యాబు గురించే. నీకు గచ్చిబౌలిలో సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం వచ్చిందన్న సంగతి చివర్లో చెప్పాడు, అదీ ఏదో జబ్బు పేరు చెప్పినట్టు. నేను ఫోను పెట్టేసి క్లాక్ టవర్ సెంటర్ దాకా నడిచి వెళ్లి అరకిలో జిలేబీ కొనుక్కొచ్చాను. షుగరున్న మనిషిని కదా, ఒక్కటి తిని మిగతావి పక్కింటి పిల్లలకు పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు సర్వర్ల మధ్య బతికినదాన్ని. మీ నాన్న భయాలు వేరు, నా భయాలు వేరు.

అందరూ చెప్పే మాటలు ముందు చెప్పేస్తాను. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, దాన్ని చేతికి అలవాటు చేసుకో. నెట్‌వర్క్ మీద పోయే సమాచారాన్ని చూపించే వైర్‌షార్క్ తెరిచి, ఇంట్లో వైఫై మీద ఏ ప్యాకెట్, అంటే ఏ సమాచారపు ముక్క, ఎక్కడికి పోతోందో చూడు, పుస్తకం చదివితే రాని తెలివి దాంతో వస్తుంది. సర్టిఫికెట్ ఇప్పటికి ఒకటి చాలు, రెండోది కంపెనీ డబ్బుతో రాయి. అమీర్‌పేటలో లక్షలు తీసుకుని లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించే వాళ్ల దగ్గరికి నీ స్నేహితురాలు పోబోతోందని విన్నాను. పోవద్దని గట్టిగా చెప్పు. నమ్మకం అమ్ముకుని బతికే వృత్తిలోకి అబద్ధంతో అడుగు పెట్టడమేమిటి?

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ విడుదల చేసింది. విండోస్ యంత్రాలు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఉన్న లోపానికి అది మందు. మా ఆఫీసులో నలభై యంత్రాలుంటే ముప్పై తొమ్మిదింటికి వేశాను. బిల్లింగ్ యంత్రం ఒక్కటి మిగిలింది. లెక్కల ముగింపు కాలం, ఏప్రిల్ పది దాకా ముట్టుకోవద్దన్నారు అకౌంట్స్ వాళ్లు. న్యాయమైన మాటే. ఏప్రిల్ పది వచ్చింది, పోయింది. మరిచిపోయానని చెప్పుకుంటే నాకు తేలిక, కానీ మరిచిపోలేదు. అది ముసలి యంత్రం. ప్యాచ్ వేశాక ఆపి మళ్లీ ఆన్ చేస్తే లేవదేమో, లేవకపోతే నా మెడకు చుట్టుకుంటుందేమో అని రోజూ రేపటికి నెట్టాను. నెలాఖరు నివేదికలో ప్యాచ్‌ల గడి ఎదురుగా ‘పూర్తయింది’ అని రాశాను. నలభైలో ఒకటే కదా!

మే 12, శుక్రవారం. వాన్నాక్రై. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర లేకుండా యంత్రం నుంచి యంత్రానికి తనంతట తాను పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే పురుగు అది. బ్రాంచీల నుంచి ఫైళ్లు తెప్పించుకోవడానికి మా వాళ్లు ఆ బిల్లింగ్ యంత్రంలో ఫైళ్లు పంచుకునే దారి అయిన 445 పోర్టును బయటి ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టారు. శనివారం పొద్దున వెళ్లేసరికి ఎర్రటి తెర. మూడు వందల డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టాలి, మూడు రోజులు దాటితే రెట్టింపు. బ్యాకప్ డిస్కు ఉంది కానీ, ఆ యంత్రానికే తగిలించి ఉంది. దానికీ తాళం వేసేసింది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది దేవరకొండ వైపు నుంచి వచ్చిన అబ్బాయి. చేరి నాలుగు నెలలు. ఆ మొదటి రెండు మూడు రోజులు ఇది మెయిల్ తెరవడం వల్లే వచ్చిందని లోకమంతా అనుకుంది. మా మేనేజరూ అదే పట్టుకుని, ‘రాత్రి ఏ మెయిల్ తెరిచావు చెప్పు’ అని ఆ పిల్లవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. వాడు ఏమీ తెరవలేదని చెప్పాడు. చెప్పిందే మళ్లీ చెప్పి చెప్పి, చివరికి తనకే అనుమానం వచ్చినట్టు తల వంచుకున్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. లోపం ఎక్కడుందో సోమవారానికల్లా నాకు తెలుసు. ఇంటి అప్పు గుర్తొచ్చింది. నోరు పెగల్లేదు.

తొమ్మిదో రోజున అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు, చూడు! ఒక ఇంక్రిమెంటు ఆపారు, అంతే. కానీ అప్పటికే ఆ అబ్బాయి రాజీనామా ఇచ్చి ఊరికి వెళ్లిపోయాడు. ఫోను చేస్తే వాళ్ల అమ్మ ఎత్తింది. ‘మా వాడు ఇక కంప్యూటర్ ముట్టనంటున్నాడమ్మా, మీరైనా చెప్పండి’ అంది. క్షమించమని అడగడానికి చేసినదాన్ని, సరేనని పెట్టేశాను.

మీ తాత మన ఊరి చెరువుకు నీరటి అని నీకు తెలుసు కదా. ముసురు పట్టిన రాత్రుళ్లు లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. చెప్పులు వేసుకునేవాడు కాదు. ఎక్కడ చెమ్మ ఊరుతోందో, ఎక్కడ బుంగ పడబోతోందో అరికాలికి తెలుస్తుందనేవాడు. తెల్లారి పెద్దమనుషులు అడిగితే, ‘తూము దాకా చూసిన, బాగుంది. అవతలికి పోలేదు, చీకటి’ అని చెప్పేవాడు. పోలేదని చెప్పడానికి ఆయనకు సిగ్గుండేది కాదు. ఆయన కూతురిని నేను!

అందుకే చెబుతున్నాను. రోజుకు వందల అలర్టులు, అంటే ఏదో తేడాగా ఉందని యంత్రాలు ఇచ్చే హెచ్చరికలు, నీ ముందుకు వస్తాయి, చాలావరకు ఉత్తవే. ప్రతిదాన్నీ మూసేటప్పుడు ఎందుకు మూశావో ఒక వాక్యం రాయి. షిఫ్టు అప్పగించేటప్పుడు చూసినవాటితో పాటు చూడనివి కూడా రాయి. ఫోనులో ఎవరైనా ‘దాన్ని వదిలేయ్’ అంటే, ‘మీరు వదిలేయమన్నారు’ అని వెంటనే మెయిల్ పెట్టు. కోపం వస్తే రానీ. నింద నీళ్లలాంటిది, పల్లానికే పోతుంది. కొత్తగా చేరిన నువ్వే ఇప్పుడు ఆ పల్లం.

అర్ధరాత్రి పెద్దవాళ్లను లేపడానికి జంకకు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనను గమనించిన ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. యంత్రాల్లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే చిట్టాలను, అంటే లాగ్‌లను, 180 రోజులు దాచాలి. రాత్రి రెండింటికి నువ్వు చూసి, ‘సార్ పడుకుని ఉంటారు, పొద్దున చెబుదాం’ అనుకుంటే నాలుగైదు గంటలు నీ మొహమాటానికే ఖర్చవుతాయి.

ఇంకో మాట, ఇది తిట్టే. మీ కాలేజీ వెబ్‌సైటులో లోపం కనిపెట్టానని సంక్రాంతికి నాకు చూపించావు. నేనూ నవ్వాను, నాదీ తప్పే. రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకెప్పుడూ ఒకరి తలుపు తట్టి చూడకు. ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి. మోసపు ఉద్దేశం ఉందంటే 66 కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ ఉద్దేశం లేదని తేలేలోపు నీ వయసు కరిగిపోతుంది. ఆ వాన్నాక్రైని ఆపింది ఎవరో తెలుసా? మార్కస్ హచిన్స్ అనే ఇరవై రెండేళ్ల ఇంగ్లండు అబ్బాయి. పురుగు కోడ్‌లో కనిపించిన ఒక డొమైన్ పేరును, అంటే వెబ్‌సైటు చిరునామాను, తన పేర నమోదు చేయగానే అది ఆగిపోయింది. లోకమంతా మెచ్చుకుంది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో అరెస్టయ్యాడు, అంతకుముందెప్పుడో బ్యాంకు పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్ రాసినందుకు. 2019లో జడ్జి దయతలచి మళ్లీ జైలుకు పంపలేదు. అంత మేలు చేసినవాడికే పాత లెక్క మాఫీ కాలేదమ్మా.

రాత్రి డ్యూటీ చేసినన్నాళ్లు పగలు గదికి మందపాటి కర్టెన్ వేసుకో. తెల్లవారుజామున ఆ యంత్రంలో వచ్చే టీ మానేయి. మీ నాన్నకు క్యాబు ఎక్కగానే ఒక మెసేజ్ పెట్టు, దిగగానే ఇంకొకటి. ఆయన రాత్రంతా ఫోను పట్టుకునే కూర్చుంటాడు, నాకు తెలుసు.

సద్దుల బతుకమ్మకు సెలవు ఇప్పుడే అడిగి పెట్టు. పండుగ రోజుల్లో ఆఫీసులు ఖాళీగా ఉంటాయని దొంగలకు తెలుసు కాబట్టి మీ వాళ్లు ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే నేనే పొద్దున బస్సుకు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతాను. తంగేడు పూలు నేను తెస్తాను, గునుగు అక్కడ దొరుకుతుందేమో కనుక్కో.

మీ అత్తమ్మ