కొండ పక్క కాపురం: గుడ్లగూబ, చిరుత గురించి శైలజకు

చి. సౌ. శైలజకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు మళ్ళీ మళ్ళీ విన్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. కాగితం మీద ఉంటే మీ అత్తగారికి, అల్లుడికి కూడా చదివి వినిపించొచ్చని రాస్తున్నాను.

డాబా మీద వాటర్ ట్యాంకు కింద గుడ్లగూబ చేరిందని మీ అత్తగారు, అదే మా వదినగారు, ఇల్లు మారదామంటున్నారు. వీధి చివర సీసీ కెమెరాలో చిరుత కనబడిందని అల్లుడేమో వీడియో తీయడానికి రాత్రిపూట డాబా ఎక్కుతున్నాడు. చూడమ్మా, గుడ్లగూబకు భయపడాల్సిన పనే లేదు. చిరుత విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మీ ఇంట్లో అది తలకిందులైంది. తిరుపతిలో శేషాచలం కొండను ఆనుకుని ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ రెండూ మీకు ఇరుగుపొరుగే. శ్రీశైలం దగ్గర సున్నిపెంట ప్రాజెక్టు కాలనీలో మీ పెదనాన్న ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నల్లమల మా పెరటి గోడ అవతలే ఉండేది. పిల్లల్ని పెంచింది అక్కడే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు గుడ్లగూబ సంగతి. నువ్వు చెప్పిన గుర్తులు, అంటే తెల్లటి మొహం, నల్లటి కళ్ళు, రాత్రిపూట కీచుమనే అరుపు, ఇవన్నీ మా వైపు చావుపిట్ట అనే గుడ్లగూబవి. ఆ పేరే దాని కొంప ముంచింది. పాడుబడిన బావులు, గుడి గోపురాలు, మన డాబాల సందులు దానికి ఇష్టం. సాయంత్రం వీధిలైటు కింద పురుగుల కోసం వచ్చే చిన్నది, పసుపు కళ్ళది, ఒంటి నిండా తెల్ల చుక్కలున్నది పైడికంటె. అది వేరే. రెండూ మనిషిని ఏమీ చెయ్యవు.

వదినగారి భయాన్ని కొట్టిపారెయ్యకు. గుడ్లగూబ వాలిందని ఇంటికి తాళం పెట్టి నెలల తరబడి బంధువుల ఇంట్లో తలదాచుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఆ భయం ఊరికే పుట్టలేదు. పూర్వం మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లోనే రాత్రంతా దీపం వెలిగేది, ఇంట్లోవాళ్ళు మేలుకుని ఉండేవాళ్ళు. మేలుకున్నవాళ్ళకే కదా దాని అరుపు వినిపించేది! మర్నాడు ఏదైనా జరిగితే నింద పిట్ట మీదికి పోయేది. ఆవిడ శాంతి చేయించుకుంటానంటే చేయించుకోనివ్వు, మనసు కుదుటపడుతుంది. కానీ పొగబెట్టి తరమడం, మేస్త్రీని పిలిచి ఆ సందు మూయించడం మాత్రం ఒప్పుకోకు. లోపల పిల్లలు ఉండి ఉంటాయి. నువ్వు పాము బుస అనుకుని హడలిపోయిన చప్పుడు ఆ పిల్లలదే. ఆకలేసినా, మనం దగ్గరికి వెళ్ళినా అలా బుసకొడతాయి.

అవి ఎన్నాళ్ళుంటాయని అడిగావు. గుడ్లు పొదగడానికి నెల రోజులు, పిల్లలు ఎగరడానికి మరో రెండు నెలలు పడుతుంది. గుడ్లన్నీ ఒకేసారి పెట్టదు, ఒక్కొక్కటే పెడుతూ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. అందుకే ఒకే గూట్లో బాగా ఎదిగిన పిల్ల, బొత్తిగా చిన్న పిల్ల కలిసి కనిపిస్తాయి. చిన్నది కింద పడితే గుడ్డతో మెల్లగా పట్టుకుని మళ్ళీ సందులోనే పెట్టించు. నోట్లో పాలు, నీళ్ళు పొయ్యకు. పెంచుకుందామని అట్టపెట్టెలో అస్సలు పెట్టకు.

ట్యాంకు కింద నల్లటి ఉండలు పడి ఉన్నాయన్నావే, అవి రెట్టలు కావు. గుడ్లగూబ ఎలుకను నమలదు, అలాగే మింగుతుంది. అరగని బొచ్చు, ఎముకలు ఉండకట్టి నోట్లోంచి కక్కేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని ఒక ఉండను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పట్టకారుతో మెల్లగా విప్పి చూడండి. ముందు బూడిదరంగు బొచ్చు పీచుపీచుగా విడిపోతుంది. తర్వాత గోరంత పుర్రెలు బయటపడతాయి, ముందుపళ్ళు నారింజ రంగులో, వంపు తిరిగి, ఇంకా దవడకు అంటుకునే ఉంటాయి. ఒక్క ఉండలో రెండు మూడు పుర్రెలు కూడా ఉండొచ్చు. అది వదినగారికి చూపించు. మీ వంటింట్లో బియ్యం బస్తా కొరికిన ఎలుకలు ఎటు పోతున్నాయో ఆవిడకే అర్థమవుతుంది. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటల రైతులు ఎలుకల బాధకు చెక్కపెట్టెలు కట్టి మరీ ఈ పిట్టల్ని పిలుచుకుంటారు. మీ దగ్గరికి అది పిలవకుండానే వచ్చింది.

ఇంట్లో ఎలుకల మందు ఉంటే మాత్రం ఇవాళే తీసెయ్. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ తిరుగుతుంది. అలాంటిది దొరకడం తేలిక కాబట్టి గుడ్లగూబ దాన్నే పట్టుకుని పిల్లలకు పెడుతుంది. ఆ విషం గూడు మొత్తానికి ఎక్కుతుంది. బోను పెట్టుకో, చాలు. ఇంకొకటి, దీపావళికి ముందు ఎవరైనా వచ్చి “అమ్మా, ఆ పిట్టను పట్టుకుపోతాం” అంటే గేటు తియ్యకు. క్షుద్రపూజలకని అమ్ముకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం, చంపడం అన్నీ నేరమే. ఫారెస్ట్ వాళ్ళకు చెప్పు.

ఇక చిరుత. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు.

2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక పసివాణ్ణి చిరుత ఎత్తుకెళ్ళి వదిలేసింది. వాడు బతికాడు. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ళ పాప పోయింది. ఆ తల్లిదండ్రుల్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. ఆ తర్వాతే నడిచేవాళ్ళకు చేతికర్రలు ఇచ్చారు, 15 ఏళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక ఆ దారిలో పంపలేదు. చిరుతకు మనిషి మామూలుగా ఆహారం కాదు. నిలువెత్తు మనిషిని చూస్తే అదే తప్పుకుపోతుంది. కానీ నేలకు దగ్గరగా ఉన్న చిన్న ఆకారాన్ని, చీకట్లో, వెనక నుంచి చూస్తే అది మేక అనుకుంటుందో కుక్క అనుకుంటుందో మనం చెప్పలేం. నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఇందులోంచే వస్తాయి.

అందుకే ముందు నీ ముగ్గు గురించి. ధనుర్మాసం వస్తే నువ్వు తెల్లవారుజామున నాలుగున్నరకే గేటు బయట కూర్చుని చుక్కల ముగ్గు వేస్తావు. వంగి, గొంతుక్కూర్చుని, తల దించుకుని, కళ్ళన్నీ చుక్కల మీదే పెట్టి. వీధి వైపు నీ వీపు ఉంటుంది. చిరుత కొండ మీదికి తిరిగి వెళ్ళే వేళ కూడా అదే. సున్నిపెంటలో మేము ఆడవాళ్ళం అందరం బాగా వెలుగు వచ్చాకే ముగ్గు వేసేవాళ్ళం. పండగ నెల కూడా అంతే. లక్ష్మీదేవి ఓ గంట ఆలస్యంగా వచ్చినా ఏమీ అనుకోదు. చీకట్లోనే వెయ్యాలని వదినగారు పట్టుబడితే గేటు లోపల, లైటు వేసుకుని, పక్కన ఇంకొకరు నిలబడి ఉండగా వెయ్యి. చెత్త ఊడ్చడం, మొక్కల దగ్గర కలుపు తియ్యడం, బయట అంట్లు తోమడం కూడా చీకటి పడ్డాక వద్దు. ఇవన్నీ వంగి, కూర్చుని చేసే పనులే.

బాబు ట్యూషన్ ఏడున్నరకు అయిపోతుందన్నావు. ఒంటరిగా సైకిల్ మీద రానివ్వకు, పెద్దవాళ్ళు ఒకరు వెళ్ళి తీసుకురావాలి. టార్చి ఉండాలి, గట్టిగా మాట్లాడుకుంటూ రావాలి, లేదంటే ఫోన్‌లో పాటలు పెట్టుకోవాలి. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే అది పక్కకు పోతుంది. పిల్లలు ముందు, పెద్దలు వెనక. చిన్నవాళ్ళను ఎప్పుడూ వెనక పడనివ్వకు.

మీ వీధికి చిరుత వస్తున్నది మీ కోసం కాదు, కుక్కల కోసం. కుక్కలు వస్తున్నది చెత్త కోసం. మీ సందు మొదట్లో చికెన్ షాపు వాడు వ్యర్థాలు ఎక్కడ పారేస్తున్నాడో, ఫంక్షన్ హాలు వాళ్ళు ఎంగిలాకులు ఎక్కడ గుమ్మరిస్తున్నారో చూడు. ఆ కుప్ప ఉన్నన్నాళ్ళూ కుక్కలు, పందులు ఉంటాయి, అవి ఉన్నన్నాళ్ళూ చిరుత దిగుతుంది. వీధివాళ్ళంతా కలిసి సంతకాలు పెట్టి మునిసిపాలిటీకి ఇవ్వండి. బోను కావాలని అడిగేకంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది. ప్రహరీ పక్కన పెరిగిన కంపచెట్లు కొట్టించు. వీధిలైటు పోతే ఆ రోజే ఫిర్యాదు చెయ్యి. ఆరడుగుల గోడ ఉందిలే అని అల్లుడు ధైర్యంగా ఉన్నాడేమో, చిరుతకు ఆ గోడ ఒక లెక్క కాదు.

మీ టామీ కనబడకుండా పోయిందని బాబు ఏడుస్తున్నాడన్నావు, నాకూ బాధేసింది. గొలుసుతో బయట కట్టేసిన కుక్క పారిపోలేదు, దాక్కోలేదు. గ్రిల్ వేసిన వరండానో, లోపలి గదో సిద్ధం అయ్యేదాకా ఇంకో కుక్కపిల్లను తేకు. పాలావిడ దూడ కొట్టానికీ ఇదే మాట చెప్పు: పక్కల ఇనుప జాలీ, పైన కప్పు, రెండూ ఉండాలి. పైన తెరిచి ఉంటే జాలీ వేసినా లాభం లేదు.

కనబడిన ప్రతిదీ చిరుత కాదని కూడా తెలుసుకో. ఒంటి మీద మచ్చలు లేకుండా, పొడవాటి కాళ్ళు, పొట్టి తోక, ఆ తోక చివర నల్ల పట్టీలు ఉంటే అది అడవిపిల్లి. అర్ధరాత్రి పైకప్పు మీద దడదడలాడించేది చాలాసార్లు మానుపిల్లి, అంటే చెట్లెక్కే పునుగుపిల్లి రకం. అడుగుజాడ దొరికితే వంగి చూడు: ముందు గోళ్ళ గుర్తులు ఉంటే కుక్కది. గోళ్ళు లేకుండా, గుండ్రంగా, ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చిరుతదై ఉండొచ్చు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఫారెస్ట్ వాళ్ళకు పంపు, వాట్సాప్ గ్రూపుల్లో కాదు. ఎక్కడో తీసిన పాత వీడియోను మన ఊరిదని తిప్పేవాళ్ళు ఎక్కువయ్యారు, ఆ టెన్షన్‌తోనే జనం కర్రలు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు.

చెవులు కూడా పనికొస్తాయి. కొండముచ్చులు చెట్ల మీద నుంచి గట్టిగా దగ్గినట్టు ఆగి ఆగి అరుస్తుంటే కింద ఏదో కదులుతోందని అర్థం. అప్పటిదాకా మొరిగిన వీధికుక్కలు ఒక్కసారిగా నోరు మూసుకుని బండ్ల కిందికి దూరితే ఆ రాత్రి గుమ్మం దాటకండి. చిరుత అరుపు గర్జనలా ఉండదు, రంపంతో దుంగ కోసినట్టు గరగరమంటూ వస్తుంది.

ఎదురుపడితే పరుగెత్తకూడదు. వీపు తిప్పకూడదు. కూర్చోకూడదు. పిల్ల పక్కన ఉంటే వంగకుండా చెయ్యి పట్టి లాగి ఎత్తుకోవాలి. చేతులు పైకెత్తి, చున్నీయో కొంగో విప్పి పట్టుకుని, దాని వైపు చూస్తూనే గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. అది పోయే దారికి అడ్డం నిలబడకూడదు. ఇంట్లో దూరితే ఆ గది తలుపు మూసి, మనుషులంతా బయటికి వచ్చి ఫోన్ చెయ్యాలి. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి, గోడ మీద కూడా రాసి పెట్టు.

అల్లుడికి ఇది ప్రత్యేకంగా చదివి వినిపించు. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్ మైలార్‌దేవ్‌పల్లి దగ్గర హైవే మీద ఒక చిరుత పడుకుని ఉంది. జనం చుట్టూ చేరారు. బెదిరిపోయి పరుగుతీస్తూ అది ఒక మనిషి మీద పడింది. 2024 ఏప్రిల్ చివర్లో శంషాబాద్ విమానాశ్రయంలోకి వచ్చిన చిరుత మాత్రం మే మొదట్లో మేకను ఎరగా పెట్టిన బోనులో చిక్కింది. అక్కడ గుంపు లేదు, మనిషికి దెబ్బా లేదు. రాత్రి డాబా మీద నిలబడి టార్చి వేసి వీడియో తీసే సరదా మానుకోమను. ఎక్కడైనా పొదలో కూనలు కనిపిస్తే అస్సలు ముట్టుకోవద్దు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది.

వీధివాళ్ళు బోను పెట్టించమని గొడవ చేస్తున్నారన్నావు. మనిషి మీద పడిన చిరుతను పట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఊరికే నడిచి వెళ్ళేదాన్ని పట్టి వేరే అడవిలో వదిలితే ఏమవుతుందో మహారాష్ట్రలో జున్నర్ చూసింది. 2001 తర్వాత అక్కడ చిరుతల్ని వరసగా పట్టి దూరాల్లో వదిలారు. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం పరిశీలిస్తే మనుషుల మీద దాడులు తగ్గకపోగా బాగా పెరిగాయని తేలింది. దారులు తెలిసిన పాతది పోతే ఆ చోటు ఖాళీగా ఉండదు, ఇంకొకటి వస్తుంది. కొత్త చోట వదిలిన దానికేమో ఎక్కడ మనుషులుంటారో తెలియదు. వీధి మీటింగ్‌లో నువ్వు లేచి ఈ మాట చెప్పు. నువ్వు టీచరువి, నీ మాట వింటారు.

ముందు ఎలుకల మందు, బాబు ట్యూషన్, కంపచెట్లు, ఈ మూడూ ఈ వారంలోనే చూడు. సంతకాల కాగితం నువ్వే రాసి నాకు ఒకసారి పంపు, మీ పెదనాన్న చూసి సరిచేస్తారు. వదినగారికి నా నమస్కారాలు, బాబుకు ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ