పియానో మీద వాన

ప్రశ్న: నమస్కారం మేడం. వాన మీద నేను రాసుకున్న కవిత ఆధారంగా పియానోకు ఒక చిన్న రచన చేస్తున్నాను. చినుకులకు పై స్థాయిలో విడివిడి స్వరాలు, ఉరుముకు కింది స్థాయిలో గట్టి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పెట్టాను. తాళం నాలుగు మాత్రలది. అర నిమిషం దాటాక ఏం చేయాలో తోచడం లేదు. వాయించే ముందు కవిత చదివి వినిపించాలా? కవిత జత చేశాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ కవిత చాలా నచ్చింది. అందులో వాన రెండో పాదానికే వెలిసిపోయింది. మిగిలినదంతా చూరు నుంచి జారే నీళ్ల గురించే. ఉరుము అసలు లేదు. మరి పియానోలోకి ఎందుకు రావాలి? శబ్దాలను అనుకరించడం అర నిమిషంలో అయిపోతుంది. కవితలో జరిగే మార్పును పట్టుకుంటే రచన దానంతటదే సాగుతుంది. వాన తొందరగా వెలవనివ్వండి, ఆ తర్వాతి నీళ్ల దగ్గర ఎక్కువసేపు ఉండండి.

‘చూరు వదలని నీటి చుక్కలు’ అన్న పాదాన్ని పైకి చదవండి. మూడు మాత్రలు, నాలుగు, మళ్లీ మూడు, నాలుగు. ఏడేసి మాత్రల చక్కని మిశ్రగతి! దాన్ని నాలుగు మాత్రల తాళంలోకి సాగదీయడం నాకు బాధగా అనిపించింది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రల కాలం ఇచ్చి ముందు గొంతుతో పాడుకోండి. వరస కుదిరాక మాటలు తీసేసి వేళ్లకు అప్పగించండి. ఇటలీ కవి పెట్రార్క్ సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు) మూడింటిని స్వరకర్త లిస్ట్ మొదట పాటలుగానే కట్టి, తర్వాత పియానో రచనలుగా మలిచాడు.

ఇక నీళ్ల సంగతి. పియానోలో మీట నొక్కిన మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లుతుంది. వేణువులా దాన్ని నిలిపి పెంచలేం. అందుకే ధార కావాలంటే మళ్లీ మళ్లీ పలికించాలి. ఫ్రెంచి కవి బెర్‌ట్రాన్ గద్యకవిత ఆధారంగా స్వరకర్త రావెల్ 1908లో రాసిన పియానో రచన ‘ఓండిన్’ (జలకన్య) ఆరంభం వినండి. కుడిచేయి అతి తక్కువ ధ్వనితో, వేగంగా అవే స్వరాలను కదిలిస్తూ ఉంటే, అసలు పాట ఆ తళుకు కింద నుంచి ఎడమచేతిలో వస్తుంది. పాట ఎప్పుడూ పైనే ఉండనక్కరలేదు.

మీరు ఏడు స్వరాల చిన్న వరస ఒకటి తీసుకోండి. కొన్నిసార్లు పూర్తిగా వాయించాక, ఒక స్వరం తీసేసి ఆ చోటు ఖాళీగా వదలండి. తర్వాత ఇంకొకటి. వేగం మాత్రం తగ్గించకండి. ధార చుక్కలుగా విడిపోవడం వినేవాళ్లకు దానంతటదే తెలుస్తుంది. ఖాళీలు పెరిగేకొద్దీ స్వరాలను మోగుతూ ఉంచే కుడి పెడల్ ఎక్కువసేపు తొక్కి ఉంచండి. ఈ భాగంలో తొందరపడవద్దని మరీ మరీ చెబుతున్నాను, మీ కవితకు ప్రాణం ఇక్కడే ఉంది.

చదవడం గురించి: ‘ఓండిన్’ స్వరలిపితో పాటు కవితనూ అచ్చువేశారు. స్వరకర్త డెబ్యుసీ మాత్రం 1910లో వెలువడిన ప్రెల్యూడ్ల (చిన్న పియానో రచనల) మొదటి సంపుటిలో ప్రతి రచన పేరునూ చివరనే పెట్టాడు. వాటిలో ఒక పేరు ఫ్రెంచి కవి బోదలేర్ కవితలోని పాదమే. నేనైతే డెబ్యుసీ పక్షం. ముందు వాయించండి, కవిత తర్వాత చదవండి. వాన అని ఎవరూ గుర్తుపట్టకపోయినా దిగులు పడకండి. ఏదో తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయిందని వాళ్లకు అనిపిస్తే, మీ కవిత వాళ్లకు అందినట్టే.