సమాధానం: పంప్ ఆగినా నరంలో సిగ్నల్ ఎలా వస్తుంది?

తమ్ముడూ, ఆన్సర్ కీ కరెక్టే, టెన్షన్ పడొద్దు. సోడియం-పొటాషియం పంప్‌ని (కణంలోంచి సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే ప్రోటీన్) ఊబైన్ అనే విషంతో ఆపేశాక కూడా నరం కాసేపు సిగ్నల్స్ పంపుతుందని కీలో ఉంది, అదెలా అనేగా నీ డౌటు? పంప్ సిగ్నల్ పుట్టించదు, దానికి కావలసిన తేడాని, అంటే కణం లోపలా బయటా సోడియం, పొటాషియం ఎక్కువతక్కువల్ని, తయారుచేసి పెడుతుందంతే. మీ అనంతపురం వైపు హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం చూశావు కదా, పంపులు ఆపేసినా జీడిపల్లి రిజర్వాయర్‌లో నీళ్లున్నంతసేపు గేటు ఎత్తితే పారతాయి.

ఇక్కడ గేట్లు అయాన్ చానళ్లు, అంటే సోడియం, పొటాషియం లాంటి విద్యుదావేశమున్న పరమాణువులు (అయాన్లు) కణం పొరని దాటే దారులు. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. నరం ఊరికే ఉన్నప్పుడు తెరిచి ఉండే చానళ్ల గుండా పొటాషియం కొంచెం బయటికి జారుతుంది, అందుకే లోపలివైపు సుమారు -70 మిల్లీవోల్టులు. ఏదైనా ప్రేరణతో అది -55 దాకా వస్తే సోడియం చానళ్లు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది, వోల్టేజ్ పెరిగేకొద్దీ మరిన్ని చానళ్లు తెరుచుకుంటాయి, ఇదంతా మిల్లీసెకను లోపే +30 దాకా పోతుంది. తర్వాత ఆ చానళ్లు వాటంతటవే మూతపడతాయి, ఆలస్యంగా తెరుచుకునే పొటాషియం చానళ్లు వోల్టేజ్‌ని కిందికి లాగుతాయి. కిందికి లాగేది పంప్ అనుకుని చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు! హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావాటి నరం మీద చేసి 1952లో ప్రచురించిన పని ఇదే, 1963లో నోబెల్ కూడా వచ్చింది.

ఒక్క సిగ్నల్‌కి దాటే అయాన్లు చాలా తక్కువ, లోపలి గాఢత దాదాపు మారదు. అందుకే పంప్ లేకున్నా లావు నరంలో వేల సిగ్నల్స్ నడుస్తాయి, సన్న నరంలో ఆ తేడా త్వరగా అయిపోతుంది. పంటి డాక్టరు ఇచ్చే తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ అడ్డుకునేది సోడియం చానళ్లనే, ఆ ప్రశ్న కూడా నీట్‌లో రావచ్చు, చూసుకో.