ఒకే టెస్టుకు ఒకచోట సగం, మరోచోట నూరు శాతం ఎందుకు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల్లో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, రీడింగులను చూపే యాప్ ఒకటి తయారు చేస్తున్నాను. రీడింగు రాకపోతే 5 వేసుకునేలా ఫోన్ వైపు కోట్లిన్‌లో ‘చెరువు?.డీవో ?: 5.0’ అనీ, సర్వర్ వైపు జావాస్క్రిప్ట్‌లో ‘చెరువు?.డీవో ?? 5’ అనీ రాశాను. రెండింటికీ ఒకటే టెస్టు పెట్టాను: చెరువు వివరాలు ఉంటాయి, డీవో మాత్రం నల్, అంటే విలువ లేదు. టెస్టులు కోడులో ఎంత భాగాన్ని నడిపాయో, అంటే కవరేజీని, కొలిచే జకోకో కోట్లిన్ లైనుకు పసుపు గుర్తు పెట్టి, 4 బ్రాంచిల్లో, అంటే కోడు వెళ్లగల దారుల్లో, 2 మిగిలాయంటోంది. జావాస్క్రిప్ట్‌కు అదే పని చేసే ఇస్తాంబుల్ మాత్రం బ్రాంచిలన్నీ పూర్తయ్యాయంటోంది. దేన్ని నమ్మాలి?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రెండూ నిజమే చెబుతున్నాయి, కాకపోతే అవి లెక్కించేది ఒకటి కాదు. జకోకో మీరు రాసిన వాక్యాన్ని చూడదు. కంపైలర్ దాని నుంచి తయారుచేసిన బైట్‌కోడ్‌ను, అంటే నిజంగా నడిచే ఆదేశాలను, చూస్తుంది. అందులో చెరువు నల్ అవునా కాదా అని ఒక తనిఖీ, డీవో నల్ అవునా కాదా అని మరొక తనిఖీ ఉంటాయి కనుక, తనిఖీకి రెండు దారుల చొప్పున నాలుగు బ్రాంచిలయ్యాయి. మీ టెస్టు వాటిలో రెండింటిలోనే నడిచింది. చెరువే లేనప్పుడు, డీవోకు విలువ ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఇంకా చూడలేదు. ఆ రెండు టెస్టులూ చేరిస్తే నాలుగూ పూర్తవుతాయి. జకోకో కొత్త వెర్షన్లు ఇలాంటి తనిఖీలను కొన్నింటిని లెక్కలోంచి తీసివేస్తాయి కాబట్టి, వెర్షన్ మారితే అంకె కూడా మారవచ్చు.

ఇస్తాంబుల్ పద్ధతి వేరు. అది మూలకోడ్‌లోనే ‘??’కు ఎడమన ఒక లెక్క (కౌంటర్), కుడిన ఒక లెక్క అమరుస్తుంది. ఎడమవైపు ఎప్పుడైనా ముందుగా చూడవలసినదే కనుక ఆ లెక్క ప్రతిసారీ పెరుగుతుంది. ఎడమది నల్ అయితే కుడి లెక్క కూడా పెరుగుతుంది. కాబట్టి ఒక్క నల్ టెస్టుతోనే రెండూ నిండిపోతాయి, అసలు రీడింగు ఒక్కసారీ రాకపోయినా నూరు శాతం కనిపిస్తుంది. పైగా చెరువు నల్ అవునా అని చూసే ‘?.’ను అది బ్రాంచిగా లెక్కించదు. టైప్‌స్క్రిప్ట్ వంటిది ఆ గుర్తును పాత జావాస్క్రిప్ట్‌లోకి మార్చిన తరువాత లెక్క వేయిస్తే మాత్రం, మీరు రాయని బ్రాంచిలు కూడా రిపోర్టులో ప్రత్యక్షమవుతాయి.

అంకె కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. 2020లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చిన ‘??’కు బదులు ఎవరైనా పాత అలవాటున ‘||’ రాశారనుకోండి. మీ టెస్టు అప్పుడు కూడా నెగ్గుతుంది, ఇస్తాంబుల్ రిపోర్టులో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. కానీ ‘||’ సున్నాను కూడా లేనట్టే లెక్కగట్టి 5 వేస్తుంది. తెల్లవారుజామున డీవో పడిపోయి సెన్సార్ 0 పంపితే, ఫోన్‌లో 5 చూసిన రైతు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేయడు. కనుక డీవోకు 0 ఇచ్చి, ఫలితం 0గానే రావాలని టెస్టు రాయండి. ఆ టెస్టు లేదని ఏ కవరేజీ పరికరమూ మీకు చెప్పదు.

నన్నడిగితే ఆ 5 కూడా ఉండకూడదు. రీడింగు రానప్పుడు వనామీ రొయ్యకు సరిపోయే ఆక్సిజన్ ఉన్నట్టు చూపడం కంటే, ‘రీడింగు రాలేదు’ అని చూపి హెచ్చరిక మోగించడం మేలు. అలా మార్చితే నల్ వచ్చిన దారికి టెస్టులో సరిచూడవలసింది 5 కాదు, ఆ హెచ్చరిక.